ఇరవైనాలుగు సాళ్ళు

నేను ఒక గునపాన్ని. గునపానికి కూడా ఓ కథా అని మీరు నవ్వుకుంటారేమో. నవ్వుకోండి, నాకేం నొప్పి లేదు. నొప్పులన్నీ కొలిమిలోనే తీరిపోయాయి. అయిదడుగుల పొడవు ఉంటాను. ఒక కొస మొన, రెండో కొస ఉలిపలక. నడుము దగ్గర మాత్రం జనం పట్టుకుని పట్టుకుని నున్నగా అరిగాను. ప్రస్తుతం సగానికి పైగా నల్లరేగడిలో కూరుకుని ఒక పొలం మూలన నిలబడి ఉన్నాను. నాకు ముందు పక్క ఉల్లి, వెనక పక్క వరి. పొద్దున్నే ఏదో ఒక పిట్ట వచ్చి నా నెత్తిన కూర్చుని, తన పని కానిచ్చుకుని పోతుంది. ఈ వయసులో మర్యాదలకి పట్టుబట్టడం నాకూ బాగుండదు.

గునపం కాకముందు నేను లంగరుని. నరసాపురం కాలవలో సున్నం మోసే పడవకి వేలాడేవాణ్ణి. ఆ పడవ సరంగు అప్పన్న. లారీలొచ్చి పడవల కడుపు కొట్టాక, యజమాని పడవని విప్పి చెక్కలు అమ్ముకున్నాడు. అప్పన్నకి జీతం బాకీ బదులు నేను దక్కాను. లంగరు పెట్టుకుని ఇంట్లో ఏం చేసుకుంటాడు? కమ్మరి దగ్గర పడేసి సాగగొట్టించాడు. సుత్తిదెబ్బలకి నేను పెట్టిన గోల ఊరంతా వినే ఉంటుంది. నీళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి, మట్టిలో పని చెయ్యమంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉంటుంది?

అప్పన్న కూతురు అచ్చాయమ్మ. నా కథ అంటే సగం ఆవిడ కథే. తణుకు పక్క పల్లెలో ఇచ్చారు. మొగుడు వీరాస్వామి మంచివాడే గానీ, పిల్లి ఎదురొచ్చినా ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి గంట కూర్చునే రకం. ఉమ్మడి కాపురం. పదకొండు మందికి వండి వార్చేది అచ్చాయమ్మే. అజమాయిషీ మాత్రం తోటికోడలిది. వీళ్ళ వాటాకి వచ్చింది అరెకరం. అప్పట్లో తుంగభద్ర ఎడమ కాలవ కింద, కన్నడ సీమలో సింధనూరు పక్కన, భూములు కారుచౌకగా వస్తున్నాయని గోదావరి జిల్లాలంతా ఒకటే గోల. అక్కడ అరెకరం అమ్మితే ఇక్కడ ఆరెకరాలు. కాలవ రేపో మాపో వచ్చేస్తుందట. అచ్చాయమ్మ నెల రోజులు మొగుడి చెవిలో జోరీగలా పోరింది. చివరికి ఆయన ఊఁ అన్నాడు.

బయల్దేరేరోజు అందరూ పచ్చళ్ళూ అప్పడాలూ ఇస్తే, అప్పన్న నన్ను భుజాన వేసుకొచ్చాడు.

"ఇదేంటి నాన్నా, గునపమా!" అంది అచ్చాయమ్మ.

"ఆ నేల రాయిలా ఉంటదంటమ్మా. పచ్చళ్ళెన్నాళ్ళొస్తాయి? ఇది పట్టుకెళ్ళు" అన్నాడు.

రైల్లో టికెట్ల బాబు నన్ను చూసి దొంగల సరంజామా అనుకున్నాడు. వీరాస్వామి చెమటలు తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. అచ్చాయమ్మే లేచి, "పొలం తవ్వుకోడానికి బాబూ, కావాలంటే మీరే మోసుకురండి" అంది. ఆయన నన్ను ఎత్తి చూసి, బరువుకి భయపడి, మళ్ళీ బల్ల కింద పెట్టేశాడు.

ఇక ఈ నేల గురించి చెప్పాలి. దిగేసరికి కనుచూపు మేర కంపచెట్లు, వాటి మధ్య పగుళ్ళు. మామూలు పగుళ్ళు కావు, నేను నిలువునా పడితే మళ్ళీ కనబడనంత. నీడ లేదు. గోదావరిలో ఎటు చూసినా నీళ్ళు చూసిన కళ్ళకి ఇక్కడ ఎటు చూసినా ఆకాశమే. వీరాస్వామి అక్కడే మూట మీద కూలబడి, "ఎల్లిపోదామే అచ్చాయీ" అన్నాడు. మొత్తం ఆ మాట ఎన్నిసార్లన్నాడో నేను లెక్క పెట్టలేదు. ఆవిడ మాత్రం నన్ను తీసుకుని మొదటి కంపమొద్దు కింద గుచ్చింది. గుచ్చితే మొన నాలుగంగుళాలు కూడా దిగలేదు. చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి మొద్దు లేచింది.

"ఇంటికెళ్ళి ఏం చెయ్యాలండీ? మీ అన్నయ్యగారి అరుగు మీద కూర్చోవాలా? అరెకరం కూడా లేదిప్పుడు. ఇక్కడైతే నా పొయ్యి నాది" అంది.

ఆ మాట నాకు నచ్చింది. లంగరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక చోట పడితే పాతుకుపోవాలనే ఉంటుంది.

మొద్దులు తీయడం అయ్యాక ఇల్లు మొదలెట్టారు. ఇక్కడే మావాళ్ళు పప్పులో కాలేశారు. గోదావరి ఒండ్రుతో గోడ పెడితే తాతల నాటి నుంచీ నిలుస్తుంది కాబట్టి, ఎక్కడి మట్టితోనైనా గోడ నిలుస్తుందనుకున్నారు. నేను తవ్వాను, వీరాస్వామి తొక్కాడు, అచ్చాయమ్మ ముద్దలు పేర్చింది. నల్లగా నిగనిగలాడుతూ గోడ లేచింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!

అప్పుడే దురగవ్వ వచ్చింది. మా పొలానికి ఆనుకుని, వంక అనే చిన్న వాగు ఒడ్డున, ఆవిడకి పదిహేను సెంట్ల ఉల్లిచేను ఉంది. పక్క ఊరావిడ. పుట్టిల్లు ఆదోని వైపు కాబట్టి తెలుగు వచ్చు. అచ్చాయమ్మ ఈడే. నెత్తిన గంప, చంకలో కొడవలి. గోడ చుట్టూ ఒకసారి తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"బ్యాడక్కా, బ్యాడ. ఈ మన్నుతో గోడ వద్దు. వానకి ఉబ్బుతాది, ఎండకి పగులుతాది. మేమంతా రాతిగోడ కడతాం, చూళ్ళేదా?"

వీరాస్వామికి పౌరుషం వచ్చింది. ఆయనకి పౌరుషం రావడం నేను చూసింది అదొక్కసారే. "గోదారోళ్ళకి మట్టి గురించి నేర్పుద్దంట చూడే" అన్నాడు, దురగవ్వ వెళ్ళాక. అచ్చాయమ్మ కూడా నవ్వింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను.

ఆ గోడవారనే విత్తనాల వడ్లు పెట్టారు. రెండు బస్తాలు, అక్కుళ్ళ రకం. ఇంటి దగ్గర నుంచి పసిపిల్లల్లా మోసుకొచ్చినవి. ఈ చుట్టుపక్కల జొన్న తప్ప వరి ఎరగరు కాబట్టి విత్తనం పోతే మళ్ళీ దొరకదు. కాలవ నీళ్ళు వచ్చాకే ఆకుమడి, అంటే నారుమడి, పొయ్యాలి. నీళ్ళు వైశాఖంలో అన్నారు, జ్యేష్ఠంలో అన్నారు, తర్వాత అనడం మానేశారు. కాలవ రాలేదు గానీ వాన వచ్చింది. ఒక మధ్యాహ్నం మొదలై మర్నాడు మధ్యాహ్నం దాకా ఏకధాటిగా కురిసింది. వాళ్ళిద్దరూ రేషను బియ్యం కోసం వెళ్ళి సింధనూరులో చిక్కుకుపోయారు. గోడ నా కళ్ళ ముందే నానింది, ఉబ్బింది, చివరికి తిన్నగా వచ్చి విత్తనాల మీద కూలబడింది. నేను పక్కనే ఆనుకుని ఉన్నాను, నా మీదా పడింది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, నేనూ వడ్లూ కలిసి సమాధి అయ్యాం.

వాళ్ళు వాన వెలిసిన మర్నాడు సాయంత్రానికి గానీ ఇల్లు చేరలేదు. అచ్చాయమ్మ ఏడవలేదు. మట్టిలో చేతులు పెట్టి ముందు నన్ను లాగింది, తర్వాత నాతో బస్తాలు తవ్వింది. ఒకటి చిరిగి బురదలో కలిసిపోయింది. రెండోది విప్పి గుప్పెడు తీసి చూసింది. ప్రతి గింజకీ తెల్లగా మోసు, అంటే మొలక, కనబడుతోంది.

వ్యవసాయం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వడ్లు ఆకుమడిలో చల్లేముందు నానబెట్టి, మూట కట్టి, వెచ్చగా పెడితే మోసు వస్తుంది. దాన్ని మండె కట్టడం అంటారు. మోసు వచ్చిందా, ఇక రెండు రోజుల్లో బురదలో పడాల్సిందే. ఎండబెడితే చచ్చిపోతుంది, ఉంచితే కుళ్ళిపోతుంది. మా గోడ ఎవరూ అడక్కుండానే మండె కట్టేసింది. మడి లేదు, కాలవ లేదు. ఒక్క వానకి మా పొలం పైకి జిగటగా ఉందే గానీ రెండు ఎండలు కాస్తే మళ్ళీ రాయే.

వీరాస్వామి మూట కట్టడం మొదలెట్టాడు. "ఇంకేం మిగిలిందే? పోనీ అన్నయ్య కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. ఆవిడ నన్ను భుజాన వేసుకుని, గుప్పెడు మోసు గింజలు కొంగున కట్టుకుని, వంక ఒడ్డుకి నడిచింది.

దురగవ్వ ఉల్లిచేలో కలుపు తీస్తోంది. ఆ చేను పక్కన వంకలో ఎండాకాలం కూడా ఊట ఉంటుంది, చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. అచ్చాయమ్మ కొంగు విప్పి గింజలు చూపించింది. గోడ సంగతి చెప్పింది.

"నువ్వు చెప్పావు, మేం వినలేదు. బుద్ధి తక్కువైంది. ఈ చేను నాకు నలభై రోజులియ్యి దురగవ్వా. ఆకు పెంచుకుని, నీ నేల నీకిచ్చేస్తాను."

దురగవ్వ లేచి నిలబడింది. ఇరవైనాలుగు సాళ్ళ ఉల్లి, గడ్డ ఇంకా గోలీకాయంత ఉంది. అదంతా పీకెయ్యాలి. పైగా అప్పటికే ఆ ఊళ్ళో ఒక మాట పుట్టింది: క్యాంపువాళ్ళు కాలు పెట్టిన నేల మళ్ళీ చేతికి రాదని. మాలా గోదావరి నుంచి వలసొచ్చి గుడిసెలేసుకున్నవాళ్ళందరినీ క్యాంపువాళ్ళనేవారు.

"ఇస్తానక్కా. అయితే ఒకటి. మా ఆయన నేలంతా ఆయన మాటే. ఇది ఒకటే నాది, మా అమ్మ ఇచ్చిన డబ్బుతో కొనింది. ఇరవైనాలుగు సాళ్ళు ఇస్తాండా. ఇరవైనాలుగు సాళ్ళు నాకి మళ్ళీ ఇయ్యాల. అంతే."

అచ్చాయమ్మ చేను మూలకి వెళ్ళి నన్ను రెండు చేతులా ఎత్తి దింపింది. వాన నేల కాబట్టి దిగాను. మళ్ళీ ఎత్తి దింపింది. మూడడుగుల లోతున రాయి తగిలి టంగుమన్నాను. రాతి మీద నా మొనకి సరిపడా గంటు పడింది.

"ఇదుగో, ఇదీ నీ హద్దు. వంక నుంచి దీని దాకా నీది. నా కంఠంలో ప్రాణం ఉండగా ఇది దాటి మాది రాదు" అంది.

దురగవ్వ ఆ సాయంత్రమే ఉల్లి పీకింది. మొగుడు ఈరప్ప గట్టు మీద నిలబడి ఇద్దరినీ కలిపి తిట్టాడు. ఆవిడ తల ఎత్తకుండా పీకుతూ, "ఇంటికి పో. రొట్టెలు మూత కింద ఉండాయి" అంది. ఆయన తిట్లు సగంలో ఆపి వెళ్ళాడు. మొగవాళ్ళ కోపానికి రొట్టె ఎంత మంచి మందో నాకు అప్పుడే తెలిసింది.

ఆ పైన నలభై రోజులు నా బతుకులో గొప్ప రోజులు. ఇద్దరాడవాళ్ళూ చేనుని కాళ్ళతో తొక్కి దమ్ము చేశారు. గింజ చల్లారు. వాన మళ్ళీ పడలేదు. రోజూ వంకలో చెలమ తవ్వడం, బిందెలతో ఎత్తి మడిలో పొయ్యడం. ఊట కిందికి పోయేకొద్దీ నేను కిందికి వెళ్ళాను. ముందు ఇసక, తర్వాత గులకరాళ్ళు, తర్వాత చట్టురాయి. అచ్చాయమ్మకి అప్పటికి మూడో నెల. కడుపుతో ఉండి ఈ మోత ఏంటని అడగాల్సిన వీరాస్వామి, పొద్దున్నే మూట చంకన పెట్టుకుని కాలవ వైపు వెళ్ళి, నీళ్ళు లేవని చూసి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఆ మూట ఎందుకయ్యా అంటే, అటు నుంచటే వెళ్ళిపోవాల్సి వస్తుందేమోనట!

ఊరి జనం వచ్చి చూసి నవ్వేవారు. దురగవ్వే ఒకరోజు ఉండబట్టలేక అడిగింది: "అక్కా, ఈ గడ్డి ఎప్పుడు తింటారు?"

"దీన్ని పీకి వేరే చోట పాతాలి."

"పెరిగిందాన్ని పీకి మళ్ళీ పాతుతారా! మీకేమన్నా పిచ్చా?"

ఇద్దరూ చెలమ పక్కన కూలబడి నవ్వారు. అచ్చాయమ్మ ఊరొదిలాక అలా నవ్వడం అదే మొదలు. మధ్యాహ్నం దురగవ్వ జొన్నరొట్టె, ఉల్లికారం తెచ్చేది. మొదట్లో అచ్చాయమ్మకి ఆ రొట్టె గొంతు దిగేది కాదు. పది రోజులకి రెండు తినేది, ఇరవై రోజులకి తనే రొట్టెలు కొట్టేది.

ముప్పై ఎనిమిదో రోజు ఆకు చివర్లు పసుపెక్కాయి. చెలమలో బిందె మునగడం లేదు, చెంబుతో ఎత్తాల్సి వస్తోంది. నేను చట్టు మీద పడి కణకణలాడుతున్నాను. అచ్చాయమ్మ నన్ను వదిలేసి చెలమ గట్టున కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని, మొహం కప్పుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున వీరాస్వామి పరుగెత్తుకొస్తున్నాడు. చంకలో మూట లేదు. ఎక్కడో పారేసుకున్నాడు.

"అచ్చాయీ! గంగమ్మొచ్చిందే! మోకాల్లోతు వస్తోందే!"

ఆ రోజే కాలవ దగ్గర అధికారులు మకాం పెట్టి, ఏ క్యాంపు ఎవరిదని పేర్లు రాసుకున్నారు. అందరికంటే ముందు అక్కడున్నవాడు ఈయనే కాబట్టి మా క్యాంపుకి వీరాస్వామి క్యాంపు అని పేరు పడింది. ఇప్పుడు బస్సు బోర్డు మీద కూడా అదే పేరు. నాకైతే ఆ బోర్డు చూసినప్పుడల్లా ఆ మూట గుర్తొస్తుంది.

మూడెకరాలకి ఆకు సరిపోయింది. ఊడుపు అచ్చాయమ్మ నేర్పింది, దురగవ్వ నేర్చుకుంది. ఆకు తీసిన మర్నాడే అచ్చాయమ్మ ఆ చేను చదును చేసి, తన చేత్తో సాళ్ళు వేసి, ఇరవైనాలుగూ లెక్క చెప్పి అప్పగించింది. నన్ను మూలలోంచి పీకి తనతో తీసుకెళ్ళింది. నాతో ఇంకా చాలా పని ఉంది మరి. కోతలైన నెలకి కొడుకు పుట్టాడు. కాలవ తెచ్చిన బిడ్డని గంగరాజు అని పేరు పెట్టారు.

తర్వాతి నలభై ఏళ్ళూ చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే చకచకానే గడిచాయి. రాతిగోడల ఇల్లు లేచింది. పునాది నేనే తీశాను. పశువుల పాక గుంజలకి, కరెంటు స్తంభానికి, వీరాస్వామి పోయినప్పుడు ఆయన గోతికి కూడా నేనే. పాపం, ఆయన గోదావరిలో కలుపుతారనుకున్నాడు. చివరిరోజుల్లో మాత్రం, "ఇక్కడే పెట్టెయ్యండ్రా, మళ్ళీ ఆ రైళ్ళెక్కలేను" అన్నాడు. జొన్నచేలు పోయి వరి వచ్చింది, మిల్లులొచ్చాయి, క్యాంపులో మేడలొచ్చాయి. ఊరివాళ్ళ భూములు ఒక్కొక్కటే క్యాంపువాళ్ళ చేతికి వచ్చాయి. ఈరప్ప తనవన్నీ అమ్మి తాగి పోయాడు. దురగవ్వకి ఆ పదిహేను సెంట్లే మిగిలాయి. కోడలితో కలిసి ఉల్లి పండిస్తూ ఉంది.

గంగరాజు తల్లిలా కష్టపడే మనిషి. కాకపోతే భూమి అంటే ఆకలి ఎక్కువ. ట్రాక్టరు కొన్నాడు. ట్రాక్టరుకి గట్టు ఎక్కడో సరిగ్గా కనబడదు. ముఖ్యంగా పక్కవాళ్ళ గట్టు అసలు కనబడదు. ఏటా జానెడో బెత్తెడో గట్టు కరిగేది. దొంగతనం అని ఎవరూ అనరు, వ్యవసాయం అంటారు. నేను పాకలో మూలన పడి తుప్పు పట్టడం మొదలైన రోజులవి.

ఒక ఉదయం దురగవ్వ గంపతో ఉల్లిపాయలు తెచ్చి అరుగు మీద కూర్చుంది. ప్రతి పంటకీ తేవడం ఆవిడ అలవాటు. అచ్చాయమ్మకి డెబ్భై దాటాయి. ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. లేచేముందు దురగవ్వ గంపలోకి చూస్తూ, "ఈ తూరి పాయ కొంచెమేనక్కా. ఇరవై సాళ్ళే పట్టినాయి" అంది.

అచ్చాయమ్మ మొహం నల్లబడింది. అవతల పక్క పాక నీడలో పడి ఉన్న నాకే గుండె గతుక్కుమంది. గునపానికి గుండేంటంటారా? అనండి.

ఆవిడ పాకలోకి వచ్చి నన్ను ఎత్తింది. ఒకప్పుడు పువ్వులా ఎత్తేది. ఇప్పుడు ఈడ్చుకుంటూ వెళ్ళింది. గంగరాజు వరి పొట్ట మీదుంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని ఆ వరిలోకి దిగి, నన్ను ఒక చోట గుచ్చింది. మెత్తగా దిగాను. పీకి ఇంకో చోట గుచ్చింది. మళ్ళీ మెత్తగా దిగాను. వరి నలుగుతోందని పాలేళ్ళు కేకలేస్తే గంగరాజు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! పొట్టకొచ్చిన చేనే! ఏం చేస్తున్నావు?"

ఆవిడ ఇంకోసారి ఎత్తి దింపింది. మూడడుగుల లోతున పాత గంటులో నా మొన పడి టంగుమంది. నలభై ఏళ్ళ తర్వాత సొంత ఇల్లు తలుపు తీసినట్టయింది నాకు. అచ్చాయమ్మ అప్పుడు తిరిగి కొడుకు వైపు చూసింది.

"విన్నావా?"

"ఏంటమ్మా వినేది?"

"ఇది దురగవ్వ హద్దు. నువ్వు నా కడుపులో ఉండగా పెట్టాను. నాలుగు సాళ్ళు తినేశావు రా."

"నాలుగు సాళ్ళ నేలకి ఇంత రభసా? ఎంతో కొంత ఇచ్చేస్తాను, దురగవ్వ పిన్ని కాదంటుందా? నువ్వు అడుగు."

"అడగను. ఆవిడ ఆ రోజు ఉల్లి పీకబట్టే మీ నాన్న మూట విప్పాడు. లేకపోతే నువ్వు మీ పెదనాన్న గొడ్ల సావిట్లో పుట్టేవాడివి. మాటిచ్చాను రా. నా మాట నువ్వు దున్నేశావు."

ఆ నాలుగు సాళ్ళ మేర వరి కోసుకోమని దురగవ్వకే వదిలేశారు. గట్టు మళ్ళీ పాత చోటికి వచ్చింది. నేను మాత్రం ఇక పాకకి వెళ్ళలేదు.

అయితే ఈ నేల సంగతి మీకు ముందే చెప్పాను. ఎండాకాలం వస్తే పగుళ్ళిచ్చి, పట్టు వదిలేస్తుంది. ప్రతి ఏడూ చైత్రం దాటేసరికి నేను వదులై ఒక పక్కకి ఒరిగేవాణ్ణి. ప్రతి ఏడూ అచ్చాయమ్మ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో బండరాయి పట్టుకుని వచ్చి నన్ను గంటులోకి దింపి, చుట్టూ మన్ను కూరి, నెత్తిన నాలుగు దెబ్బలు వేసేది. "ఉండరా నాయనా, ఉండు" అనేది. పదహారేళ్ళు అలా వచ్చింది.

మొన్న మాఘంలో ఆవిడ పోయింది. గొయ్యి జేసీబీతో తీశారట. నన్ను ఎవరూ పిలవలేదు. పిలుస్తారని ఎందుకో ఎదురు చూశాను.

ఎండలొచ్చాయి. నేను వదులయ్యాను, ఒరిగాను, ఒకరోజు గాలికి పూర్తిగా పడిపోయాను. దురగవ్వకి ఎనభై దాటి చూపు మందగించింది, చేలోకి రావడం లేదు. కోడలికి నేను హద్దునని తెలుసు గానీ ఏ చోటో తెలియదు. అటు గట్టు చూస్తే పగుళ్ళతో ఆనవాలు లేదు. పడుకుని ఆకాశం చూస్తూ, నా పని అయిపోయిందనుకున్నాను. తుప్పు ఇనప సామాను కొనే బండివాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు కదా!

వచ్చింది గంగరాజు. వేసవి దుక్కికి ట్రాక్టరు తెచ్చాడు. ఆయనకీ అరవై దగ్గర పడ్డాయి. బండి ఆపి దిగి నన్ను చూశాడు. చుట్టూ చూశాడు. మండుటెండ, చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. నన్ను ఎత్తి, ఉల్లిచేను వైపు నాలుగడుగులు లోపలికి వెళ్ళి గుచ్చాడు. పగులులోకి చడీచప్పుడు లేకుండా దిగిపోయాను. కాలితో మన్ను నొక్కాడు. వెళ్ళి ట్రాక్టరెక్కాడు.

నాలుగడుగులంటే రెండు సాళ్ళు. అరవాలనిపించింది. కానీ నేను రాతి మీద పడితేనే అరవగలను, పగుల్లో ఏం అరుస్తాను? ఆవిడ ప్రాణం పెట్టి నిలబెట్టిన మాట మీద నన్నే సాక్షిగా తీసుకొచ్చి అబద్ధం ఆడించాడు కదా అని ఒళ్ళు మండిపోయింది.

బండి స్టార్టయింది. కాసేపటికి ఆగింది. గంగరాజు సీటు మీద అలాగే కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. దిగి వచ్చి నన్ను పీకాడు. వరి పక్కకి జరిగి గుచ్చాడు. చప్పుడు లేదు. ఇంకొంచెం అటు గుచ్చాడు. లేదు. మూడోసారి కూడా లేదు. వయసు మీద పడ్డ మనిషి, రొప్పుతున్నాడు. వంగి చేత్తో మన్ను తీసి, పగుల్లోకి చూసి, నన్ను రెండు చేతులా నెత్తి మీదికెత్తి దింపాడు.

టంగుమన్నాను. నాకున్న గొంతంతా పెట్టి అన్నాను.

గంగరాజు నన్ను పట్టుకునే కాసేపు నిలబడ్డాడు. "సరేనే అమ్మా, సరే" అన్నాడు. బండరాయి వెతికి తెచ్చి, చుట్టూ మన్ను కూరి, నెత్తిన నాలుగు దెబ్బలు వేశాడు. అవి అచ్చం ఆవిడ దెబ్బల్లాగే ఉన్నాయి.

వానలు పడ్డాక దురగవ్వని కోడలు చెయ్యి పట్టుకుని చేలోకి తీసుకొచ్చింది. ఉల్లినారు నాటడం అప్పుడే అయింది. గంగరాజు అవతల తన గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఎన్ని పట్టినాయే?" అంది దురగవ్వ.

కోడలు వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఇరవైనాలుగు అత్తా."

ముసలావిడ తడుముకుంటూ నా దాకా వచ్చి నా నెత్తిన చెయ్యి వేసింది. కదిపి చూసింది. కదల్లేదు.

"పోయేముందు అక్క వచ్చి గట్టిగా పాతిపోయింటాది" అంది. "ఆయమ్మకి నా మీద అంత ఇది."

గంగరాజుకి ఆ మాట వినబడింది. నేనే పాతాను పిన్నీ అని అనలేదు. నీళ్ళు కట్టడానికి మడవ వైపు వెళ్ళిపోయాడు.